ఫోన్‌కి ఫోటోలు పంపే ట్రైల్ కెమెరా, జింకల వేట: కొత్తవారి ప్రశ్న, మనవాళ్ళ జవాబులు

కొత్త సభ్యుడు, విస్కాన్సిన్:

అందరికీ నమస్కారం. మార్చిలో హెచ్-1బి మీద ఇక్కడికి వచ్చాను. మా టీమ్ లీడ్‌కి ఊరవతల 80 ఎకరాల అడవి ఉంది. నవంబరులో జింకల వేటకి రమ్మన్నాడు, తుపాకీ తనే ఇస్తానన్నాడు. ఉత్సాహం ఆగక, తీసిన ఫోటోని వెంటనే ఫోన్‌కి పంపే ట్రైల్ కెమెరా ఒకటి కొనేశాను. చెట్టుకి కట్టేసి కారులో వెచ్చగా కూర్చుంటాను, ఫోన్ మోగగానే తుపాకీ తీసుకుని చప్పుడు చేయకుండా వెళ్తాను. ఇదీ నా ప్లాన్. ఆఫీసులో ఒకతను "అది వేట కాదు, మోసం" అన్నాడు. ఇంకొకాయన "అందరూ చేసేదేలే" అని నవ్వేశాడు. ఏది నిజం? పెద్దలు కాస్త చెప్పండి.

పాత సభ్యుడు, ఓ క్లేర్:

తమ్ముడూ, కెమెరా సంగతి తర్వాత. నీ మెయిల్‌లో నా కళ్ళు ఆగిపోయింది "తుపాకీ తనే ఇస్తానన్నాడు" అన్న దగ్గర. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొంటేనే కాదు, స్నేహితుడిది చేతిలోకి తీసుకున్నా చిక్కే. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మనలాంటివాళ్ళకి పనికొచ్చేది ఒకటే, ఇక్కడి ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది జేబులో పడ్డాకే తుపాకీ ముట్టుకో. ప్రాక్టీసుకి రేంజికి వెళ్ళేటప్పుడూ అదే నియమం. ఇందులో తేడా వస్తే జరిమానా కట్టేసి బయటపడే వ్యవహారం కాదు, వీసాకే ఎసరు వస్తుంది. మీ ఇమ్మిగ్రేషన్ లాయర్ని ఒక మాట అడిగి జవాబు రాతలో తీసుకో. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ బెడద లేదు.

లైసెన్సుకి ముందు ఇంకో మెట్టు ఉంది. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చేయాలి. అక్టోబరు దాకా ఊరుకుంటే క్లాసు దొరకడం కష్టం. ఇప్పుడే పేరు ఇచ్చేయి.

ఇక కెమెరా. దాని ముందున్న పీఐఆర్ సెన్సర్‌కి జింక, కుక్క, మనిషి అన్న తేడా తెలియదు. చుట్టూ ఉన్నదానికంటే వేడిగా ఉన్నది ఏదైనా కదిలితే ఫోటో తీస్తుంది. అందుకే ఎండకి కాగిన గడ్డి గాలికి ఊగినా తీస్తుంది, సాయంత్రానికి ఊగే గడ్డి ఫోటోలతో కార్డు నిండిపోతుంది. ముందున్న గడ్డి, అడ్డొచ్చే కొమ్మలు తీసేయి. ఆ భూమి మీ లీడ్‌ది కాబట్టి కొమ్మ నరికేముందు ఆయన్ని అడుగు. నడుము ఎత్తున, ఉత్తరం వైపు చూసేలా కట్టు. తూర్పుకో పడమరకో పెడితే సరిగ్గా జింకలు తిరిగే వేళకే సూర్యుడు లెన్స్‌లోకి కొడతాడు. చలికి మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు త్వరగా చస్తాయి, లిథియం వేయి.

రాత్రి ఫ్లాష్‌లో రెండు రకాలు. 850 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవు) రకం ఎక్కువ దూరం చూస్తుంది, కానీ వెలిగినప్పుడు ఎర్రటి చుక్కలు మసకగా కనిపిస్తాయి. 940 రకం కనిపించదు, బొమ్మ కొంచెం మసక. జింకలు కెమెరాని పట్టించుకోవని పెట్టె మీద రాస్తారు గానీ, వయసు మీరిన ఆడజింక ఫోటోలు వరసగా చూడు. మొదటిదాంట్లో తల దించి మేస్తుంటుంది. రెండోదాంట్లో రెండు చెవులూ లెన్స్ వైపు తిరిగి ఉంటాయి. మూడోదాంట్లో తెల్లతోక జెండాలా ఎత్తి పోతున్న వెనకభాగం. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ దారిలో దాని మొహం కనబడదు.

నువ్వు కెమెరాని వాడాలనుకున్న పని దానికి చేతనైన వాటిలో అన్నిటికంటే పనికిరానిది. వేటకి ముందు నెలల్లో అది చెప్పేది వేరు. ఏ దారిన వస్తున్నాయి, ఏ వేళకి, ఏ వైపు నుంచి గాలి ఉన్నప్పుడు. ఆడజింకల వెంట పిల్లలు ఎన్ని బతికాయి. నుదుటి మీద బుడిపెలు మాత్రమే ఉన్న ఆ ఏటి మగపిల్లలు ఏ గుంపులో తిరుగుతున్నాయి. వీటిని దూరం నుంచి ఆడజింకలనుకుని కొట్టేసేవాళ్ళు చాలామంది. కెమెరా ఫోటోలు ముందే చూసినవాడికి ఆ తల ఆకారం కంటికి అలవాటై ఉంటుంది. ఏది కొట్టాలన్నదానికంటే ఏది వదిలేయాలన్నది ఫోటోల్లో బాగా తెలుస్తుంది.

ఇంకో హెచ్చరిక. జులై, ఆగస్టుల్లో మగజింకలు కొమ్ముల మీద మెత్తటి నూగు చర్మంతో నాలుగైదు కలిసి తీరిగ్గా కెమెరా ముందు తిరుగుతాయి. అవి చూసి మురిసిపోకు. సెప్టెంబరులో ఆ చర్మం ఊడిపోతుంది, గుంపు విడిపోతుంది, కొన్ని వేరే చోటికే మకాం మార్చేస్తాయి. ఆగస్టు ఫోటోని నమ్ముకుని నవంబరుకి మంచె కట్టినవాడు ఉడతల్ని లెక్కపెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు ఫోన్ మోగగానే బయల్దేరడం. విస్కాన్సిన్‌లో సొంత భూమిలోనో, అనుమతి ఉన్న భూమిలోనో ట్రైల్ కెమెరా పెట్టుకోవడానికి అడ్డు లేదు. డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) భూముల్లోనూ పెట్టొచ్చు, కానీ దాని మీద నీ పేరు, చిరునామా గానీ, డీఎన్ఆర్ కస్టమర్ నంబరు గానీ కనబడేలా ఉండాలి. అయినా నేనైతే వెళ్ళను. అలా పరిగెత్తేవాడు గాలివాటం చూసుకోడు, చీకటి పడుతోందని గమనించడు, ఫోటోలో ఉన్నదే ఎదురుగా ఉన్నదనుకుని తొందరలో కాలుస్తాడు. గాయపడిన జింక రాత్రంతా పొదల్లో పడి ఉంటుంది. మీ కొలీగ్ మోసం అన్నది ఒట్టి చాదస్తం కాదు. 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్ మరికొందరితో కలిసి మొదలుపెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అప్పట్నుంచీ 'ఫెయిర్ చేజ్' అంటోంది, అంటే జంతువుకి తప్పించుకునే నిజమైన వీలు ఉండాలని. అప్పటికప్పుడు ఫోటో పంపే కెమెరా సాయంతో కొట్టిన జంతువుని వాళ్ళు తమ రికార్డుల్లోకి తీసుకోరు.

మిన్నెసోటా నుంచి ఒక సభ్యుడు:

అన్నగారూ, తుపాకీ విషయంలో మీరు చెప్పింది అక్షరాలా నిజం. కెమెరా విషయంలో మాత్రం ఒప్పుకోను. ఫోటోలు మెమరీ కార్డులోనే దాచే కార్డు కెమెరా వాడేవాడు వారానికోసారి అడవిలోకి వెళ్ళి కార్డు మార్చాలి. బూట్ల వాసన, చేతి వాసన, కొమ్మల విరుపు, అన్నీ అక్కడ వదిలి వస్తాడు. ఫోన్‌కి ఫోటోలు పంపే సెల్ కెమెరా పెట్టినవాడు సీజన్ అంతా ఆ చోటికి అడుగే పెట్టడు. జంతువుని ఎవరు ఎక్కువ ఇబ్బంది పెట్టినట్టు? పైగా మనం సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసులో పడి ఉండేవాళ్ళం. భూమున్న రైతు రోజూ ట్రాక్టరు మీంచి చూసే జింకల్ని మనం ఫోన్‌లో చూస్తే అది అన్యాయం, ఆయన చూస్తే అనుభవమా? దూరాన్ని కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్, వాసన పట్టనివ్వని బట్టలు, గాలిని గంటగంటకీ చెప్పే యాప్, ఇవన్నీ వాడేసి కెమెరా దగ్గర మాత్రం ధర్మపన్నాలు వల్లిస్తే ఎలా?

పాత సభ్యుడు, ఓ క్లేర్:

వాసన సంగతి నిజం, అది ఒప్పుకుంటున్నా. అందుకే సెల్ కెమెరా వద్దనలేదు, దాని వెంట పరిగెత్తొద్దన్నాను. సెట్టింగుల్లో ఫోటోలు వెంటనే కాకుండా రోజుకి ఒకసారో రెండుసార్లో పంపేలా పెట్టుకునే వీలు ఉంటుంది. రాత్రి తొమ్మిదికి పెట్టుకో. వాసనా ఉండదు, పరుగూ ఉండదు. న్యూ హాంప్‌షైర్ చట్టం దాదాపు ఇదే చెబుతుంది: లైవ్ కెమెరా చూపించిన సమాచారంతో అదే రోజు ఆ జంతువుని వేటాడకూడదు. అక్కడ అది చట్టం, మా ఇంట్లో అది అలవాటు.

రైతుతో పోలిక మాత్రం కుదరదు. ఆయన కళ్ళు రెండే, ఒకేసారి ఒకే చోట ఉంటాయి. కెమెరాలు ఇరవై పెట్టొచ్చు. అరిజోనాలో గొడవ అక్కడే వచ్చింది. ఎండు నేల, నీళ్ళు దొరికే గుంటలు కొన్నే, ప్రతి గుంట చుట్టూ పోటాపోటీగా కెమెరాలు, కార్డులు మార్చడానికి పొద్దస్తమానం వచ్చిపోయే మనుషులు. దాహంతో వచ్చిన జంతువు దూరంగా నిలబడాల్సిన పరిస్థితి. 2021లో అక్కడి గేమ్ అండ్ ఫిష్ కమిషన్ వేటకి సాయంగా ట్రైల్ కెమెరా వాడకాన్నే నిషేధించింది, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. నెవాడాలో పబ్లిక్ భూముల్లో ఆగస్టు 1 నుంచి డిసెంబరు 31 దాకా కెమెరా పెట్టకూడదు, ఫోటోలు పంపే రకమైతే జులై 1 నుంచే. కాన్సస్ 2023లో తన వన్యప్రాణి శాఖ నడిపే పబ్లిక్ భూముల్లో వద్దంది. కాబట్టి తమ్ముడూ, రేపు ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్తే కెమెరా పెట్టె విప్పేముందు అక్కడి రూల్ పుస్తకం విప్పు. మీ లీడ్ 80 ఎకరాలకి ఒకటి చాలు, మహా అయితే రెండు.

మిల్వాకీ నుంచి ఒక సభ్యురాలు:

మీరిద్దరూ జింకల గురించే మాట్లాడుతున్నారు. కెమెరా ముందుకి మనుషులు కూడా వస్తారు కదా. మాది అడవి పక్క ఇల్లు. పొరుగాయన కెమెరా మా పిల్లలు ఆడుకునే దారి వైపు తిరిగి ఉందని తెలిసిన రోజు నాకెలా ఉంటుందో ఆలోచించండి. ఆయన మంచివాడు, అడగ్గానే మార్చాడు. అయినా అడిగేదాకా ఎందుకు?

తమ్ముడూ, హద్దు కంచె నుంచి లోపలికి, నీ స్నేహితుడి భూమి వైపే చూసేలా కట్టు. పక్కవాళ్ళ డ్రైవేలు, నడకదారులు ఫ్రేములో పడకూడదు. ఎవరైనా నడుస్తూ పడితే ఆ ఫోటో చెరిపేయి, సరదాకి వాట్సాప్ గ్రూపులో పెట్టకు. ఎవరో దొంగతనంగా వేటాడుతున్నట్టు పడితే మొహం ఆన్‌లైన్‌లో పెట్టి పంచాయితీ చేయకు, ఎదురుపడి నిలదీయకు. ఆ మనిషి చేతిలో తుపాకీ ఉంటుంది, మనం ఇక్కడికి కొత్త. ఫోటో వార్డెన్‌కి (వేట చట్టాలు అమలుచేసే అధికారికి) పంపు, అంతే. పెద్ద కొమ్ముల జింక ఫోటో పెట్టేటప్పుడు చోటు పేరు రాయకు.

ఒక విషయం తెలుసా? టెన్నెసీలో వన్యప్రాణి అధికారులే వారెంటు లేకుండా ప్రైవేటు భూముల్లోకి వెళ్ళి కెమెరాలు కట్టారు. యజమానులు కోర్టుకెక్కారు. ఆ సోదాలు రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని అప్పీల్స్ కోర్టు 2024లో తేల్చింది. ప్రభుత్వానికే తప్పనిది మనకి తప్పుతుందా?

చంపడం ఇష్టంలేక కెమెరా సరదా మాత్రమే ఉన్నవాళ్ళు ఈ లిస్టులో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. వాళ్ళకి స్నాప్‌షాట్ విస్కాన్సిన్ ఉంది. డీఎన్ఆర్ వాళ్ళ కార్యక్రమం, స్వచ్ఛందంగా కెమెరాలు చూసుకునేవాళ్ళతో నడుస్తుంది. అందులోని ఫోటోలు వన్యప్రాణుల లెక్కలకి పనికొస్తాయి. చెట్టుకి కెమెరా కట్టే ఓపిక లేకపోతే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఫోటోల్లో ఏ జంతువుందో గుర్తుపట్టి చెప్పొచ్చు. మా పిల్లలకి కొయోటీకీ నక్కకీ తేడా అలాగే వచ్చింది.

కొత్త సభ్యుడు, విస్కాన్సిన్:

అందరికీ చాలా థాంక్స్. లాయర్‌కి మెయిల్ పెట్టాను, క్లాసుకి పేరిచ్చాను. కెమెరా రాత్రి తొమ్మిదికి మార్చాను. ఇంకొక్క డౌట్. కెమెరా ముందు రెండు బకెట్ల మొక్కజొన్న పోస్తే ఫోటోలు బాగా పడతాయని యూట్యూబ్‌లో చూశాను. ఫోటోల కోసమే కదా, పోయొచ్చా?

పాత సభ్యుడు, ఓ క్లేర్:

వద్దు. ముందు మీ లీడ్ భూమి ఏ కౌంటీలో ఉందో చూడు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది. ప్రియాన్లు, అంటే రూపం చెడిన ప్రోటీన్ల వల్ల జింకలకి వచ్చే జబ్బు, మందు లేదు, జింక చిక్కి శల్యమై చచ్చిపోతుంది. ఒకే కుప్ప మీద పది మూతులు చేరితే లాలాజలం ద్వారా అంటుకుంటుంది. అందుకే చాలా కౌంటీల్లో ఎర వేయడం, మేత పెట్టడం రెండూ నిషేధం. ఫోటో కోసం పోశానంటే వార్డెన్ వినడు. ఉప్పుగడ్డ పెట్టినా అదే లెక్క. జింక దొరికితే తల శాంపిల్ డీఎన్ఆర్ కియోస్క్‌లో ఇవ్వు, పరీక్ష ఉచితం. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోనే ఉంచు. జబ్బు ఉందని తేలితే తినకూడదు, పారేయాలి.

బట్టలు కూడా ఇప్పుడే చూసుకో. గన్ సీజన్‌లో నడుము పైన వేసుకునేదాంట్లో కనీసం సగం బ్లేజ్ ఆరెంజ్ (దూరానికి కొట్టొచ్చినట్టు కనిపించే నారింజ రంగు) గానీ ఫ్లోరెసెంట్ పింక్ గానీ ఉండాలి. కెమెరా సరిచేయడానికి వెళ్ళేటప్పుడు కూడా వేసుకో, తుపాకీ పట్టుకోలేదు కదా అని ఊరుకోకు.

నవంబరు మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి వెళ్తాయి. నీది సెల్ కెమెరా కాబట్టి నెట్‌వర్క్ నుంచి తనే మార్చుకోవచ్చు, అయినా ఒకసారి చూసుకో. మీ లీడ్ దగ్గర పాత కార్డు కెమెరాలుంటే అవి మార్చుకోవు. థ్యాంక్స్‌గివింగ్ ముందు శనివారం గన్ సీజన్ మొదలయ్యేసరికి ఆయన గంట తేడాతో లెక్కలు వేసుకుంటూ కూర్చుంటాడు. క్లాసు డేటు ఖరారయ్యాక చెప్పు, క్లాసులో భాగంగా బయట జరిగే ఫీల్డ్ డే మా వైపు పడితే ఎక్కించుకుని వెళ్తాను.