రాత్రి తారు పనికి కూలి వేరుగా ఇవ్వాలా, పగటి రేటే చాలా?

తారు గ్యాంగు కార్మికుడు, విజయవాడ:

సిటీలో మా గ్యాంగుకు దొరికే తారు పని ఎక్కువగా రాత్రిదే. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు లాంటి చోట పగలు ట్రాఫిక్ ఆపనివ్వరు. రాత్రి పదింటికి రోడ్డు చేతికొస్తే తెల్లారేలోపు రోలింగ్ కూడా అయిపోయి బండ్లు తిరగాలి. మా కాంట్రాక్టరు లెక్కలో పగలైనా రాత్రైనా అదే కూలి. ఎనిమిది గంటలు దాటితే టీ, టిఫిను, బట్వాడా రోజున చేతిలో ఏదో కొంత. దాన్నే ఓటీ (ఓవర్‌టైము) అంటున్నారు.

పని తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. రోడ్డు మీద తారు పరిచే యంత్రం పేవర్. దాని వెనకాలే నడుస్తూ జాయింట్ల దగ్గర మాలు, అంటే తారు కలిపిన వేడి కంకర, సర్దేది మేము. పరిచేటప్పుడు ఆ మాలు వేడి 140 డిగ్రీలకు తగ్గకూడదు. బూటు అడుగు మెత్తబడి పాదాలు ఉడికిపోతాయి. పారకు తారు అంటుకోకుండా డీజిలు రాస్తాం. ఎంత రుద్ది కడిగినా ఆ వాసన పోదు, అన్నం ముద్దలోనూ అదే. పక్క లైనులో లారీలు పోతూనే ఉంటాయి, వాటికీ మాకూ మధ్య ప్లాస్టిక్ కోన్లే అడ్డం. నిద్రమత్తులో డ్రైవరుకు ఆ కోను కనపడకపోతే అంతే సంగతులు. మధ్యలో మాలు కలిపే ప్లాంటు ఆగితే టిప్పరు వచ్చేదాకా డివైడరు మీద కూర్చుంటాం. ఆ గంటలు పనిలోకి రావంటారు.

నా మాట ఇది. రాత్రికి వేరే రేటు ఉండాలి, ఎనిమిది గంటలు దాటినదానికి డబుల్ ఉండాలి. ఒకటి ఇచ్చి రెండోదీ ఇచ్చేశామంటే ఒప్పుకోకూడదు. మీరేమంటారు?

చిన్న కాంట్రాక్టరు, గుంటూరు:

తమ్ముడూ, నీ కష్టం కాదనను. కానీ రాత్రి పని మేము కోరి పెట్టుకున్నది కాదు. పగలు టిప్పరు వారధి మీద ఇరుక్కుంటే మాలు చల్లారిపోతుంది. వీజీ-30 అనే గ్రేడు తారుతో కలిపిన మాలు 90 డిగ్రీలకు దిగకముందే రోలింగ్ అయిపోవాలి. దిగాక ఎంత తొక్కించినా గట్టిపడదు, వానలు పడగానే కంకర లేచిపోతుంది. అప్పుడు డిఫెక్ట్ లయబిలిటీ కింద, అంటే గడువులోపు రోడ్డు చెడితే బాగుచేయాలన్న షరతు కింద, మళ్లీ నా జేబులోంచే వేయాలి. పైగా మే నెల బెజవాడ ఎండలో పగలు తారు దగ్గర నిలబడగలరా? మా కూలీలే రాత్రి పెట్టమంటారు.

ఇక డబ్బు సంగతి. లెస్‌కి వేస్తేనే టెండరు దక్కుతుంది, అంటే అంచనా రేటు కంటే తక్కువకు చేస్తామని రాయాలి. బిల్లు ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లుండరు, బట్వాడా మాత్రం వారం వారం చేయాల్సిందే. నేనొక్కణ్ణే రాత్రి రేటు ఇస్తే, ఇవ్వనివాడు నాకంటే తక్కువకు కోట్ చేసి పని పట్టుకుపోతాడు. నాకూ పని ఉండదు, నా దగ్గరున్నవాళ్లకూ ఉండదు.

కార్మిక కేసులు చూసే వకీలు, గవర్నర్‌పేట:

ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి, విడదీద్దాం.

ఎనిమిది గంటలు దాటిన పనికి డబుల్ అనేది బేరమాడే విషయం కాదు. నిర్మాణ కార్మికుల 1996 చట్టం 29వ సెక్షనులో ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ 14వ సెక్షనూ అదే అంటోంది. లెక్క చూడండి. 2024 అక్టోబరు 1 నుంచి కేంద్రం పరిధిలోని నిర్మాణ పనులకు పెద్ద నగరాల్లో అన్‌స్కిల్డ్ కనీస కూలి రోజుకు 783 రూపాయలు చేశారు. ఆ రేటు మీద రెండు గంటలు ఎక్కువ చేస్తే డబుల్ లెక్కన రావాల్సింది 391 రూపాయల 50 పైసలు. విజయవాడ ఆ పెద్ద నగరాల జాబితాలో లేదు, ఇక్కడి రేటు వేరు. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే. టిఫినుతో అది తీరదు.

టిప్పరు కోసం కూర్చున్న గంటలూ అంతే. కార్మికుడు సిద్ధంగా ఉండి యజమానే పని చూపించలేకపోతే, ఆ రోజు పూర్తి కూలి ఇవ్వాలని కోడ్ 10వ సెక్షను చెబుతుంది. బిల్లు రాలేదన్న మాట కూలీకి చెప్పే జవాబు కాదు. కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని అప్పగించిన సంస్థ చెల్లించాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నాటి నుంచీ ఉంది. కనీస వేతనాల చట్టం కింద క్లెయిముకు ఆరు నెలలే గడువు ఉండేది, కోడ్‌లో మూడేళ్లు. ఇచ్చామని రుజువు చేసుకునే భారం కూడా యజమానిదే.

రాత్రికి వేరే రేటు ఇవ్వాలని మాత్రం ఈ చట్టాల్లో లేదు. అది ఒప్పందంతోనో టెండరు షరతుతోనో రావాలి. రెండూ ఒకే మాటగా అడిగితే, లేనిదాన్ని చూపించి ఉన్నదాన్నీ ఎగ్గొడతారు. కాబట్టి డబుల్‌ని హక్కుగా అడగండి, రాత్రి రేటును డిమాండుగా పెట్టండి.

రోలర్ ఆపరేటర్, గొల్లపూడి:

నేను రాత్రి రేటు వద్దంటాను. డబ్బు ఎక్కువ వస్తుందంటే అప్పులున్నవాళ్లు వరసగా రాత్రులు ఒప్పుకుంటారు. నిద్ర లేనివాడి చేతిలో రోలర్ పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. బండి వెనక్కి తీసేటప్పుడు వెనకే ఎవరో వంగి మాలు సర్దుతుంటారు, రివర్స్ హారను పేవర్ మోతలో కలిసిపోతుంది. ముందు కావాల్సింది వరస రాత్రులకు హద్దు.

డిగ్రీ విద్యార్థి, గుంటూరు:

ఊడ్చేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా అమ్మ ఆ పనికే వెళ్తుంది. ట్యాక్ కోటు (పై పొర అతుక్కోడానికి చల్లే పల్చటి తారు) కొట్టేముందు రోడ్డు మీద దుమ్ము లేకుండా ఊడవాలి, లేకపోతే పై పొర పట్టదు. అయినా మగవాళ్లకంటే కూలి తక్కువ. అర్ధరాత్రి దాటాక వాళ్ల పని అయిపోతుంది, మొదటి బస్సు వచ్చేదాకా మూసిన కొట్ల మెట్ల మీద కూర్చుంటారు. రాత్రి ఏడు దాటాక ఆడవాళ్లతో పని చేయించాలంటే వాళ్ల ఒప్పుకోలు, భద్రత ఏర్పాట్లు ఉండాలని 2020 భద్రతా కోడ్‌లో ఉంది. మా అమ్మని అడిగినవాళ్లు లేరు. రాత్రి రేటు అంటే ఇంటికి చేర్చే ఆటో కూడా అందులో ఉండాలి.

మంగళగిరి నుంచి వెళ్లి మెల్‌బోర్న్‌లో ఉంటున్నా:

ఇక్కడ తారు పనివాళ్లకు ప్రత్యేకంగా ఆస్ఫాల్ట్ ఇండస్ట్రీ అవార్డ్ 2020 అని ఉంది. పని స్థాయిని బట్టి కనీస రేటు, షిఫ్టుకు అదనం, ఓవర్‌టైముకు అదనం అన్నీ విడివిడిగా రాసి ఉంటాయి. ఏ కంపెనీకి పని దక్కినా ఆ రేటు కంటే తక్కువ ఇవ్వలేరు.

ఆపరేటరు అన్నకు ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ రాత్రి షిఫ్టును 2ఏ వర్గంలో పెట్టింది, అంటే క్యాన్సరుకు బహుశా కారణమయ్యేవాటిలో. రోడ్డు వేసేటప్పుడు తగిలే తారు పొగ 2బీ, అంటే కారణం అయ్యే అవకాశం ఉన్నవాటిలో. మీవాళ్లకు రెండూ ఒకే రాత్రి తగులుతున్నాయి. హద్దూ కావాలి, రేటూ కావాలి. ఒకటి ఉందని రెండోది వదలక్కర్లేదు.

చిన్న కాంట్రాక్టరు, గుంటూరు:

డబుల్ విషయంలో వకీలు గారితో వాదించను. రాత్రి రేటు టెండరులోనే విడిగా ఒక ఐటెంగా పెడితే నాకు అభ్యంతరం లేదు, అప్పుడు అందరం ఒకే గీత మీద ఉంటాం. కానీ ఆ ఐటెం మీద లెస్ పడకూడదు, కోట్ చేసేటప్పుడు దాన్ని పక్కన పెట్టాలి. లేకపోతే కాగితం మీద రాత్రి రేటు ఉంటుంది, టెండరులో కోసేసేది ముందు దాన్నే.

తారు గ్యాంగు కార్మికుడు, విజయవాడ:

అన్నా, ఆ లెస్ మాట బాగా చెప్పారు, అర్జీలో అలాగే రాస్తాం. వరస రాత్రులకు హద్దు, ఊడ్చేవాళ్లకు సమాన కూలి, ఆటో కూడా. అయితే టెండరు మారేదాకా డబుల్ కోసం ఆగం. ఈ వారం నుంచి గ్యాంగు తరఫున ఒక నోటు పుస్తకం పెడుతున్నాం. పనిలోకి దిగిన టైము, వదిలిన టైము, టిప్పరు కోసం కూర్చున్న టైము రాసి, సూపర్‌వైజరుతో సంతకం పెట్టిస్తాం. పెట్టనంటే ఆ సంగతీ అందులోనే రాస్తాం. అర్జీ చిత్తు ఆదివారం ఇక్కడే పెడతా. వకీలు గారూ, ఒకసారి దిద్దిపెట్టండి.