సీలర్ పూస్తే జిగురు పట్టింది! కల్చర్డ్ మార్బుల్ గట్టుకి మెరుపు తిరిగి వస్తుందా?

అరకప్పు_టీ:
అందరికీ నమస్కారం. ఆరు నెలల క్రితం ఈ ఇంట్లోకి మారాం. బాత్రూంలో వాష్‌బేసిన్, దాని చుట్టూ ఉన్న గట్టు ఒకే ముక్క, ఎక్కడా అతుకు లేదు, తెలుపు మీద లేత బూడిదరంగు చారలు. మార్బులే అనుకున్నాను. కుళాయి మొదట్లో తెల్లగా గార కడుతోందని రోజూ గిన్నెలు తోమే పౌడర్ చల్లి ఆకుపచ్చ పీచుతో బరబరా తోమాను. గార అక్కడే ఉంది, మెరుపే పోయింది. పక్క నుంచి ఫోన్ లైటు వేసి చూస్తే బేసిన్ చుట్టూ గుండ్రంగా వందల గీతలు, నా చెయ్యి తిరిగిన దారంతా కనిపిస్తోంది. రాయి కదా, సీలర్ పూస్తే సరిపోతుందని ఎవరో అంటే మొన్న ఆదివారం అదీ పూశాను. మూడు రోజులైంది, ఇంకా ఆరలేదు, సబ్బు పెట్టె పైకి లేపితే టప్‌మని శబ్దం వస్తోంది. నిన్న ప్లంబర్ వచ్చి కింద నుంచి చూసి, ఇది రాయి కాదండీ కల్చర్డ్ మార్బుల్ అన్నాడు.

ఈ జిగురు ఎలా వదిలించాలి? మెరుపు వస్తుందా? బేసిన్‌లో నీళ్లు పోయే జాలీ చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు కూడా ఉన్నాయి, ఒక మూల తలకి వేసుకునే రంగు మరక. మొత్తం పీకేసి కొత్తది పెట్టించమని మాత్రం చెప్పకండి.

మూతలేని_డబ్బా:
ఇలాంటివి పోతపోసే చోట నాలుగేళ్లు పనిచేశాను కాబట్టి చెప్తున్నా. అచ్చులో ముందు జెల్‌కోట్ అనే పలచటి రెజిన్ (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) పొర స్ప్రే చేస్తాం. అది కాస్త గట్టిపడ్డాక దాని మీద పాలియెస్టర్ రెజిన్, రాతిపొడి కలిపిన ముద్ద పోస్తాం, ముద్దలో ముప్పాతిక వంతు పొడే ఉంటుంది. ఆరాక అచ్చు తిరగేస్తే మొదట కొట్టిన పొర పైకి వస్తుంది. మీరు రోజూ ముట్టుకునేది ఆ పొరనే, రాయిని కాదు. దాని మందం అటూ ఇటుగా అర మిల్లీమీటరు, అంతే. అందుకే మీ ప్లంబర్ కింద చూసి కనిపెట్టాడు, అడుగున ఆ మెరుగు ఉండదు, గరుగ్గా సిమెంటు ముద్దలా ఉంటుంది.

ఇది అర్థమైతే మిగతావన్నీ తేలిపోతాయి. సీలర్ రాతి రంధ్రాల్లోకి ఇంకడానికి చేసినది, ఇక్కడ రంధ్రాలే లేవు, ఇక ఎక్కడికి పోతుంది, పైనే కూర్చుంది. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని, మెత్తటి గుడ్డకి కొంచెం మినరల్ టర్పెంటైన్ తడిపి కొద్ది కొద్దిగా తుడవండి, వెంటనే సబ్బునీళ్లతో కడిగేయండి. ముందు ఎవరికీ కనపడని మూల ఒకసారి చేసి చూడండి. నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి మాత్రం వెళ్లొద్దు, అందులోని అసిటోన్ కాసేపు నిలిస్తే ఆ చోట పొర మసకబారుతుంది.

పాత_బనియన్:
మెరుపు సంగతి తర్వాత, ముందు గార పని చూడండి. సగం వెనిగర్ సగం నీళ్లు కలిపి, టిష్యూ తడిపి కుళాయి మొదలు చుట్టూ కండువాలా చుట్టి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో తోమితే చాలావరకు ఊడివస్తుంది, మొండికేస్తే గడువు తీరిన ప్లాస్టిక్ కార్డు అంచుతో మెల్లిగా గీకండి, బ్లేడు వద్దు. బాగా కడిగి పొడిగుడ్డతో తుడవండి. అలాగే రాత్రంతా ఉంచి మర్చిపోకండి, కుళాయి పూత కూడా పాడవుతుంది. ఇంకోటి, పొద్దున బ్లీచ్ వాడి ఉంటే వెనిగర్ ముట్టుకోవద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

నిమ్మతొక్క:
@పాత_బనియన్ ఏంటి బ్రో, మార్బుల్ మీద వెనిగరా? మా పిన్ని వాళ్ల గట్టు మీద నిమ్మరసం పడితేనే తెల్ల మచ్చ పడిపోయింది.

మూతలేని_డబ్బా:
అది అసలు రాయి అయ్యుంటుంది, రాతికి పులుపు పడదు. ఇక్కడ పైనున్నది రెజిన్, కాసేపటి పలచటి వెనిగర్‌ని తట్టుకుంటుంది. అయితే వెనిగర్ చుక్క వేసి పొంగితే రాయి, లేకపోతే ప్లాస్టిక్ అని కొందరు పరీక్ష చేస్తారు కదా, గీత లోతుగా పడ్డ చోటో అడుగు భాగంలోనో చేస్తే మోసపోతారు, లోపలి పొడి కూడా ఎక్కువగా కాల్షియం కార్బొనేటే, అదీ బుసబుస పొంగుతుంది.

రెండో_షిఫ్ట్:
మెరుపు ప్రశ్నకి నేను చెప్తా, మా ఇంట్లో పోయిన ఏడాది చేశాను. పైపైన మసకబారితే కారు బాడీకి వాడే ఫైన్ రబ్బింగ్ కాంపౌండ్ చాలు. గట్టు శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరనిచ్చి, అరచేయంత చోట కాంపౌండ్ రాసి, మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్దాలి, తుడవాలి, చూడాలి, తర్వాత పక్క చోటికి. మొదటి అరచేయంత చోటు అయ్యేసరికి పక్కదానికీ దానికీ తేడా చూసి నేనే ‘అబ్బా’ అనుకున్నా. గోరు తగిలేంత లోతు గీతలుంటే ముందు 1000, తర్వాత 1500, ఆపైన 2000 నంబరు వాటర్ పేపర్ (సన్నటి గరుకు కాగితం) నీళ్లతో తడుపుతూ రుద్దండి, అదీ తేలిగ్గా. పొర అర మిల్లీమీటరే అని పైన చెప్పారు కదా, మిషన్ పెట్టి ఒకేచోట తిప్పారంటే లోపలి ముద్ద బయటపడుతుంది, ఆ తర్వాత ఏ కాంపౌండూ దాన్ని కప్పలేదు. చివర్లో వ్యాక్స్, ఏడాదికి రెండుసార్లు చాలు. నీళ్లు జారిపోతుంటాయి కాబట్టి గార కూడా తొందరగా పట్టదు. స్నానం చేసే తొట్టి అడుగున మాత్రం వ్యాక్స్ వేయొద్దు, జారి పడతారు.

రంగు మరకకి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దూది తడిపి ఓ పావుగంట పెట్టి చూడండి. పాత మరకైతే పూర్తిగా పోకపోవచ్చు. మరకలు తుడిచేసే ఆ తెల్ల మ్యాజిక్ స్పాంజి కూడా నిజానికి సన్నటి గరుకు కాగితం లాంటిదే, రోజూ వాడితే మళ్లీ మొదటికొస్తారు.

పాత_బనియన్:
వేడి హెయిర్ స్ట్రెయిటెనర్ దాని మీద పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ వారమే మాన్పించండి. మా ఇంట్లో పసుపుపచ్చ గీత ఒకటి శాశ్వతంగా ఉండిపోయింది, ఎవరు పెట్టారంటే ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు.

అరకప్పు_టీ:
పది రోజుల తర్వాత వచ్చి రాస్తున్నా. టర్పెంటైన్‌తో జిగురు పోయింది, రెండు పూటలు పట్టింది, వాసనకి ఇంట్లో వాళ్ల చేత తిట్లు తిన్నాను. గార రెండోసారికి వదిలింది. కాంపౌండ్ చేత్తోనే రుద్దాను, మర్నాడు భుజం లేవలేదు, కానీ ట్యూబ్‌లైట్ నీడ మళ్లీ గట్టులో కనిపిస్తోంది! మరక లేతబడింది, పోలేదు, దాని మీద బ్రష్‌ల కప్పు పెట్టేశాను. జాలీ చుట్టూ పగుళ్లు మాత్రం అలాగే ఉన్నాయి, కాంపౌండ్ రాస్తే తెల్లపొడి వాటిలో ఇరుక్కుని ఇంకా బాగా కనిపిస్తున్నాయి 😅

మూతలేని_డబ్బా:
అవి పైపై గీతలు కావండీ, నెర్రెలు. మరిగే నీళ్లు, వెంటనే చన్నీళ్లు పడీ పడీ పొర సాగి కుంచించుకుని చీలుతుంది, జాలీని మరీ బిగించినా అంతే. ఎంత రుద్దినా పోవు. మెత్తటి బ్రష్, సబ్బునీళ్లతో ఆ పొడి తీసేయండి. గోరు దిగేంత పెద్దవైతే జెల్‌కోట్ రిపేర్ కిట్‌తో నింపొచ్చు, రంగు కలవడం కష్టం కానీ జాలీ పక్కనే కాబట్టి ఎవరూ వంగి చూడరు. ఇక మీదట పాస్తా వండిన వేడినీళ్లు అందులో పారబోయకుండా చూసుకోండి.

అరకప్పు_టీ:
బాత్రూంలో పాస్తా ఎవరు పారబోస్తారండీ 😂 కానీ ఆవిరి పట్టాక ఆ మరిగే నీళ్లు రోజూ అందులోనే పోసేది నేనే.