ఫ్లాగ్ ఉందంటున్న కాన్ఫిగర్, తెలియదంటున్న క్లాంగ్

ప్రశ్న:
నేను చూసుకునే ఒక సీ లైబ్రరీని జీసీసీ, క్లాంగ్ అనే రెండు కంపైలర్లతోనూ బిల్డ్ చేయవలసి ఉంటుంది. జీసీసీ అనవసరంగా ఇచ్చే ఒక హెచ్చరికను ఆపడానికి "-డబ్ల్యూ-నో-మేబీ-అన్‌ఇనిషియలైజ్డ్" అనే ఫ్లాగ్ (కంపైలర్‌కు ఇచ్చే ఆప్షన్) వాడుతున్నాను. కంపైలర్‌కు అది తెలిస్తేనే చేర్చేలా, ఆటోకాన్ఫ్ ఆర్కైవ్‌లోని ఏఎక్స్-చెక్-కంపైల్-ఫ్లాగ్ మాక్రోను, బిల్డ్‌కు ముందు కంపైలర్‌ను పరీక్షించే కాన్ఫిగర్ స్క్రిప్టులో పెట్టాను. క్లాంగ్‌తో నడిపినా కాన్ఫిగర్ "యెస్" అనే చూపుతోంది. తీరా అసలు బిల్డ్ చేసే మేక్ మొదలయ్యాక, ఆ పేరు తనకు తెలియదని, నా ఉద్దేశం "-డబ్ల్యూ-నో-అన్‌ఇనిషియలైజ్డ్" కాదు కదా అని క్లాంగ్ ప్రతి ఫైలుకూ అడుగుతోంది. తెలియని ఫ్లాగ్ పరీక్షలో ఎలా గట్టెక్కింది?

మొదటి జవాబు:
ఆ మాక్రో చేసే పని చాలా చిన్నది: ఏమీ లేని ఒక ప్రోగ్రామును ఆ ఫ్లాగుతో కంపైల్ చేసి, ఎగ్జిట్ కోడ్ 0 (పని సజావుగా ముగిసిందని గుర్తు) వస్తే "యెస్" అంటుంది. తెలియని హెచ్చరిక పేరు కనబడితే క్లాంగ్ గొణుగుతుందే తప్ప ఆగదు. కాన్ఫిగర్ రాసిపెట్టే కాన్ఫిగ్ డాట్ లాగ్ ఫైలు తెరిచి చూడండి, ఆ గొణుగుడు అక్కడే ఉంటుంది. మాక్రోకు నాలుగో ఆర్గ్యుమెంటుగా "-డబ్ల్యూ-ఎర్రర్" ఇస్తే, ఆ ఒక్క పరీక్ష వరకు హెచ్చరిక ఎర్రర్‌గా మారుతుంది. దానిని సీఫ్లాగ్స్‌లో (ప్రతి కంపైల్‌కూ వర్తించే ఫ్లాగుల జాబితాలో) మాత్రం పెట్టకండి. ఫంక్షన్లు ఉన్నాయో లేవో చూసే పరీక్షలు ఉత్తుత్తి ప్రొటోటైపులతో (ఫంక్షన్ల ప్రకటనలతో) నడిచి హెచ్చరికలు తెప్పిస్తాయి కనుక, ఉన్న ఫంక్షన్లు కూడా లేవని తేలే ప్రమాదం ఉంది.

జీసీసీ వైపు చిక్కు వేరు. "నో" రూపంలో వచ్చిన తెలియని పేరును అది, చెప్పవలసిన హెచ్చరిక మరొకటి ఉంటే తప్ప, చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. మీ ఫ్లాగ్ జీసీసీ 4.7లో వచ్చింది, అయినా 4.6లోనూ "యెస్" వస్తుంది. అందువల్ల "నో" తీసేసిన రూపాన్ని పరీక్షించి, అది ఉంటేనే "నో" రూపాన్ని చేర్చండి.

రెండో జవాబు:
పై సలహాకు ఒక సవరణ. ఉత్త "-డబ్ల్యూ-ఎర్రర్" ఇస్తే, బిల్డ్ చేసేవారి సీఫ్లాగ్స్‌లో లింకర్‌కు (కంపైలైన ముక్కలను కలిపే ప్రోగ్రాముకు) చెందిన ఆప్షన్ ఒక్కటి ఉన్నా, అది వాడకంలోకి రాలేదని క్లాంగ్ ఇచ్చే హెచ్చరికే ఎర్రర్ అయి, ప్రతి ఫ్లాగూ "నో" అవుతుంది. దీనికి నాకు ఒక పూట పట్టింది. ముందుగా "-డబ్ల్యూ-ఎర్రర్=అన్‌నోన్-వార్నింగ్-ఆప్షన్"ను కంపైలర్ ఒప్పుకుంటుందో లేదో పరీక్షించి, ఒప్పుకుంటే దానినే నాలుగో ఆర్గ్యుమెంటుగా ఇవ్వండి. జీసీసీ దానిని ఎర్రర్‌తో తిప్పికొడుతుంది కనుక, అక్కడ ఆ ఆర్గ్యుమెంటు ఖాళీగానే ఉండిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
రెండూ కలిపి చేశాను. ఇప్పుడు క్లాంగ్‌తో "నో", జీసీసీతో "యెస్" వస్తున్నాయి. స్క్రిప్టును మొత్తం వెదికితే "నో" రూపంలోనే పరీక్షిస్తున్న ఫ్లాగులు ఇంకో ఆరు బయటపడ్డాయి. ఇన్నాళ్లూ అవన్నీ ఊరికే "యెస్" అంటున్నవే.