ఫైళ్లను తొలగించినా వేగం పుంజుకోని డైరెక్టరీ

ప్రశ్న:
మా లినక్స్ సర్వర్‌లో ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ (డిస్కుపై ఫైళ్లను అమర్చే పద్ధతి) మీద ఒక డైరెక్టరీ ఉంది. బయటి నుంచి వచ్చే చిన్న ఫైళ్లన్నీ అందులో చేరతాయి. ఒక ప్రోగ్రాం వాటిని చదివి, పని ముగియగానే తొలగిస్తుంది. ఆ మధ్య ప్రోగ్రాం నిలిచిపోవడంతో ఫైళ్లు లక్షల్లో పేరుకుపోయాయి. ఇప్పుడు ఆ బకాయి అంతా తీరింది, ఎప్పుడు చూసినా కొన్ని వందలకు మించి లేవు. అయినా ఎల్‌ఎస్ కమాండ్ ఇస్తే జాబితా రావడానికి చాలాసేపు పడుతోంది, ముఖ్యంగా రీబూట్ చేసిన తర్వాత. డిస్కులో చోటుకు గాని, ఐనోడ్‌లకు (ఒక్కో ఫైలు వివరాలను దాచే నమోదులకు) గాని కొరత లేదు. పేరు తెలిసిన ఫైలు మాత్రం వెంటనే తెరుచుకుంటోంది. కారణం ఏమై ఉంటుంది?

జవాబు 1:
మీ చివరి పరిశీలనలోనే ఆధారం ఉంది. ఈఎక్స్‌టీ4లో డైరెక్టరీ అంటే పేర్లను, వాటి ఐనోడ్ సంఖ్యలను దాచుకునే బ్లాకుల సముదాయం. ఒక్కో బ్లాకు సాధారణంగా 4096 బైట్లు. ఫైళ్లు పెరిగేకొద్దీ బ్లాకులు చేరతాయి గాని, ఫైళ్లను తొలగించినంత మాత్రాన అవి తగ్గవు. కొత్త పేర్ల కోసం ఖాళీగా ఉండిపోతాయి. పేరు చెప్పి వెతికితే హాష్ (పేరు నుంచి లెక్కగట్టిన సంఖ్య) సూచిక నేరుగా సంబంధిత బ్లాకును చూపిస్తుంది కనుక డైరెక్టరీ ఎంత ఉబ్బినా ఆలస్యం తెలియదు. జాబితా అడిగితే మాత్రం ఖాళీ బ్లాకులతో సహా అన్నింటినీ చదవవలసిందే, రీబూట్ అయ్యాక అవి క్యాష్‌లో (మెమరీలోని తాత్కాలిక నిల్వలో) కూడా ఉండవు. ఎల్‌ఎస్‌ను ఎల్, డీ ఆప్షన్లతో ఆ డైరెక్టరీ మీద నడిపి పరిమాణం చూడండి.

జవాబు 2:
పై వివరణ సరైనదే. అయితే ఫైళ్లు నిజంగా లక్షల్లో ఉన్నప్పుడు భారం వేరే చోట పడుతుంది. పేర్లు హాష్ క్రమంలో వస్తాయి, ఐనోడ్‌లు డిస్కుపై మరో క్రమంలో ఉంటాయి. కాబట్టి వచ్చిన వరుసలోనే ఒక్కొక్క ఫైలునూ తెరిచే ప్రోగ్రాం, తిరిగే డిస్కు మీదనైతే మరీ ఎక్కువగా, అటూ ఇటూ వెతుకుతూనే కాలం గడుపుతుంది. పేర్లను ముందుగా ఐనోడ్ సంఖ్యల ప్రకారం పేర్చుకుని తెరవడం, తొలగించడం మేలు.

ప్రశ్న అడిగినవారు:
చూశాను, డైరెక్టరీ పరిమాణమే పదుల మెగాబైట్లలో ఉంది. సర్వీసును ఎక్కువసేపు ఆపకుండా దీన్ని తగ్గించవచ్చా?

జవాబు 1 రాసినవారు:
ఫైల్‌సిస్టమ్‌ను తనిఖీ చేసే ఈ2ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్‌కు ఉన్న పెద్ద డీ ఆప్షన్ డైరెక్టరీలను కుదిస్తుంది, కాని అందుకు ఫైల్‌సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేయాలి, అంటే వాడకం నుంచి విడదీయాలి. మీకు అనువైనది కొత్త డైరెక్టరీని అవే అనుమతులతో సృష్టించి, పాతదాని పేరు మార్చి, ఆ పేరును కొత్తదానికి ఇవ్వడం. మిగిలిన ఫైళ్లను తర్వాత తరలించవచ్చు. ఒక జాగ్రత్త అవసరం: పాత డైరెక్టరీని ముందే తెరిచి ఉంచుకున్న ప్రోగ్రాంలు, దానిపై పెట్టిన ఐనోటిఫై (డైరెక్టరీలో మార్పులను తెలియజేసే లినక్స్ సదుపాయం) కాపలాలు పేరు మారినా పాతదాన్నే అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిని రీస్టార్ట్ చేయకపోతే కొత్త ఫైళ్లు వచ్చినా ఎవరూ పట్టించుకోరు. డైరెక్టరీయే మౌంట్ పాయింట్ (ఒక ఫైల్‌సిస్టమ్‌ను తగిలించిన చోటు) అయితే ఈ పద్ధతి పనిచేయదు.

జవాబు 2 రాసినవారు:
బకాయి మళ్లీ పెరిగే అవకాశం ఉంటే, కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ తన ఆబ్జెక్టులకు చేసినట్టు, ఫైలు పేరు హాష్‌లోని మొదటి రెండు హెక్సాడెసిమల్ అక్షరాలను (ఒక్కోదానికి 16 విలువలు) బట్టి 256 ఉపడైరెక్టరీలుగా విడగొట్టండి. ఒకే డైరెక్టరీలో సృష్టించడం, తొలగించడం కెర్నెల్‌లో (లినక్స్ మూలభాగంలో) ఒకే తాళం కింద ఒకదాని తర్వాత ఒకటిగా జరుగుతాయి కనుక, అనేక ప్రాసెస్‌లు ఒకేసారి రాస్తున్నప్పుడు ఈ విభజన వాటి నిరీక్షణను కూడా తగ్గిస్తుంది.