నాలుగు నెలల కష్టం మూడు రోజుల్లో పోయిందా? 75.8 కిలోల నుంచి 77.5కి వచ్చేశాను

పొద్దుటి_నడక (విజయవాడ), మే 26

నమస్తే అందరికీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. నా వయసు 36, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. సంక్రాంతి హడావుడి అయిపోయాక జనవరి 19న మొదలుపెట్టాను, అప్పుడు 82.4 కిలోలు. పొద్దున ఐదున్నరకి గంట నడక, మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, పప్పు, కూర, రాత్రి రెండు పుల్కాలు. పంచదార, మైదా పూర్తిగా మానేశాను. రోజూ పొద్దున వెయిట్ చూసుకుని గోడ మీది క్యాలెండర్ గళ్లలో రాస్తున్నాను. మే 15న 75.8 వచ్చింది. మా ఆయన్ని నిద్రలేపి మరీ చూపించాను ఆ రోజు.

తర్వాత తెనాలిలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. మూడు రోజులు అక్కడే ఉన్నాం. పులిహోర, పూర్ణాలు, కొత్త ఆవకాయ, నెయ్యి అన్నీ తిన్నాను, అబద్ధం చెప్పను. నడక కూడా లేదు. ఇంటికొచ్చిన తెల్లారి మిషన్ ఎక్కితే 77.5. బ్యాటరీలు మార్చి మళ్లీ ఎక్కినా 77.5. ఆ రోజంతా భయంతో ఏమీ తినలేదు, రాత్రి పదింటికి ఆకలి తట్టుకోలేక పెళ్లి నుంచి తెచ్చిన లడ్డూలు నాలుగు తినేశాను, తినేసి ఏడ్చాను. మూడు రోజులుగా ఇదే గొడవ. రోజుకి నాలుగుసార్లు మిషన్ ఎక్కుతున్నాను, సాయంత్రం అయితే 78.3 కూడా చూపిస్తోంది. అత్తయ్య మంచి ఉద్దేశంతోనే "ఎందుకమ్మా నీకీ టెన్షన్, ఇద్దరు పిల్లల తల్లివి, హాయిగా తిను" అంటున్నారు, నాకు అది ఇంకా బాధగా ఉంది. పెళ్లికి మూడేళ్ల కిందటి పట్టుచీర జాకెట్టు కుట్లు విప్పకుండానే పట్టింది, అందరూ సన్నబడ్డావు అన్నారు, ఇప్పుడు ఆ మాటలు గుర్తొస్తే సిగ్గుగా ఉంది. థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను, అది కూడా కారణమా?

మీలో ఎవరికైనా ఇలా అయిందా? మధ్యలో వదిలేయకుండా ఎలా నిలబడ్డారు?

ఓరుగల్లు_41

అక్కా, ముందు ఒక్క లెక్క చూడు. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే సుమారు 7,700 క్యాలరీలు మిగలాలి. నీకు పెరిగింది 1.7 కిలోలు, అంటే 13 వేల క్యాలరీలు. అది మొత్తం తిన్నది కాదు, నీ ఒళ్లు రోజూ ఖర్చు చేసేదాని పైన అదనంగా తినాల్సింది. నీ ఖర్చు రోజుకి 1,900 అనుకుంటే మూడు రోజుల్లో దాదాపు 19 వేల క్యాలరీలు తినాలి. పెళ్లిలో పూర్ణాలు ఎన్ని తిన్నావో నాకు తెలియదు గానీ, 19 వేలు తినుంటే నీకు గుర్తుండేది, కడుపు గుర్తుచేసేది. కొంచెం కొవ్వు చేరి ఉండొచ్చు, పావు కిలోనో అరకిలోనో. మిగతాది కొవ్వు కాదు.

మరి ఏంటి అంటే, ఎక్కువగా నీళ్లు. మనం తిన్న అన్నంలో కొంత కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అని నిల్వ అవుతుంది, పెద్దవాళ్లలో అంతా కలిపి అరకిలో దాకా ఉంటుంది, ఒక్కో గ్రాము దానితో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్లు పట్టుకుంటుంది. నాలుగు నెలలుగా అన్నం తగ్గించావు కాబట్టి ఆ నిల్వ తగ్గి ఉంది, పెళ్లి భోజనాలతో మళ్లీ నిండింది. 300 గ్రాములు నిండినా దాని నీళ్లతో కలిపి కిలో పైన అయిపోయింది కదా. దాని మీద ఉప్పు. కొత్త ఆవకాయ అన్నావు, అందులో కారం, ఆవపిండి, ఉప్పు దాదాపు సమపాళ్లలో పడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచా, ఉండాలంటుంది, పెళ్లి విస్తరిలో అది ఒక్క పూటకే దాటిపోతుంది. ఎక్కువైన ఉప్పుని ఒళ్లు నీళ్లతో పలుచన చేసుకుంటుంది, నాలుగైదు రోజుల్లో మూత్రంలో పంపించేస్తుంది. ఇంకా పేగుల్లో ఉన్న తిండి బరువు కూడా ఉంటుంది.

సాయంత్రం 78.3 అన్నావు చూడు, నేను ఒకసారి కావాలని చేశాను, మిషన్ ఎక్కి చూసుకుని, దిగి లీటరు బాటిల్ నీళ్లు మొత్తం తాగి మళ్లీ ఎక్కాను. సరిగ్గా కిలో పెరిగాను. ఆ రోజు నాకు మనసులో ఏదో ముడి విప్పుకున్నట్టు అనిపించింది, అంతకుముందు ఎంతమంది చెప్పినా ఎక్కలేదు.

నేను 104 నుంచి 85కి రావడానికి రెండేళ్లు పట్టింది. అంతకుముందు మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ వదిలేశాను, మూడూ ఇట్లాంటి పొద్దున్నే. దావత్‌కి పోయి వచ్చుడు, రెండు కిలోలు ఎక్కువ చూపించుడు, "ఇక నాతోని కాదు" అనుకుని ఆ నెలంతా తినుడు. దావత్‌ వల్ల నాకు ఏమీ కాలేదు, దాని తర్వాత తిన్న నెల రోజుల వల్ల అయింది. నువ్వు ఆ రాత్రి తిన్న లడ్డూలు కూడా అందుకే అక్కా, పొద్దుటి నుంచి ఏమీ తినకపోవడం వల్ల వచ్చిన ఆకలి అది, నీ మనసు గట్టిది కాక కాదు. రేపటి నుంచి మామూలు టిఫిన్, మామూలు భోజనం, మామూలు నడక. తగ్గించకు, పెంచకు.

గోదావరి_గట్టు

పైన తమ్ముడు చెప్పింది అంతా నిజం, కానీ ఒకటి వదిలేశాడు, మగవాళ్లకి తోచదు కూడా. పద్దెనిమిదేళ్లుగా పీసీఓడీతో, అంటే నెలసరి గతి తప్పే హార్మోన్ల సమస్యతో, వేగుతున్నాను కాబట్టి చెబుతున్నా. నెలసరికి ముందు వారం, పది రోజుల్లో చాలామంది ఆడవాళ్లకి ఒంట్లో నీరు నిలుస్తుంది. నాకు కిలోన్నర దాకా పెరుగుతుంది, కొందరికి అసలు తేడా ఉండదు. గాజులు బిగుస్తాయి, రొమ్ములు బరువెక్కుతాయి, విరేచనం సరిగా అవదు, తీపి మీదకి మనసు పోతుంది. మొదలైన రెండు మూడు రోజులకి అదే దిగుతుంది. నీ తేదీ ఎప్పుడమ్మా? అది చెప్పకుండా ఎవరు ఏం లెక్క చెప్పినా సగమే.

నేను నిన్నటితో ఇవాళ్టిని పోల్చడం మానేశాను. నెలసరి మూడో రోజు బరువుని పోయిన నెల మూడో రోజు బరువుతో పోల్చుతాను. ఆ ఒక్క అలవాటే నన్ను నిలబెట్టింది, ఏడాదికి పైగా. నువ్వు ఎలాగూ క్యాలెండర్‌లో రాస్తున్నావు, ఆ గళ్లలోనే తేదీలు కూడా ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టు.

ఇంకో మాట. రోహిణి కార్తె ఎండలు, బెజవాడ. ఎండల్లో కొందరికి పాదాలు, వేళ్లు ఉబ్బుతాయి. పెళ్లిలో గంటల తరబడి నిలబడి ఉంటావు, కారులో కూర్చుని వచ్చి ఉంటావు, అదీ కలుస్తుంది. ఉబ్బిందని నీళ్లు తాగడం తగ్గించకు తల్లీ, ఈ ఎండల్లో అది ప్రమాదం.

పొద్దుటి_నడక

అక్కా, మీరు అడిగాక క్యాలెండర్ చూశాను. పోయిన నెలసరి మే 4. అంటే ఈసారి ఒకటో తారీఖు అటూ ఇటూ. నాకు ఈ సంగతి అసలు తట్టలేదు. ఉంగరం కూడా రావడం లేదు రెండు రోజులుగా, సబ్బు పెట్టి తీశాను.

తమ్ముడూ, మీరు లడ్డూల గురించి రాసింది చదివి కళ్లు తుడుచుకున్నాను. ఆ రోజు నుంచి నా మీద నాకే అసహ్యంగా ఉంది.

బెంగళూరు_తెలుగోడు

నా సలహా వేరండి. మిషన్ తీసి అటక మీద పెట్టేయండి, కనీసం ఒక నెల. నేను జిమ్‌లో బరువులు ఎత్తడం మొదలుపెట్టిన రెండు వారాలు నా వెయిట్ పెరుగుతూ పోయింది, కొత్త వ్యాయామం చేస్తే కండరాలు వాచి నీళ్లు పట్టుకుంటాయని నాకు అప్పుడు తెలియదు. రోజూ పొద్దున అంకె చూసి ఆఫీసులో మనసు పెట్టలేకపోయేవాడిని. టేపు కొనుక్కుని నడుము కొలవడం మొదలుపెట్టాక ప్రశాంతంగా ఉంది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు బిగించకుండా, రెండు వారాలకోసారి. మన దేశంలో ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటితే జాగ్రత్తపడమంటారు. షుగర్, గుండె జబ్బుల ముప్పుకి కిలోల కన్నా పొట్ట చుట్టు కొలతే దగ్గరి గుర్తు.

మీకు టేపు కూడా అవసరం లేదు నిజానికి. మూడేళ్ల కిందటి జాకెట్టు కుట్లు విప్పకుండా పట్టిందని మీరే రాశారు, అది పెళ్లి రోజునే, భోజనాల మధ్యలోనే. జాకెట్టు కన్నా కచ్చితమైన కొలత ఏముందండి? ఉప్పు తిన్నా, నీళ్లు తాగినా అది అబద్ధం చెప్పదు. అందరూ సన్నబడ్డావు అన్నది చూసి అన్నమాటే, మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

గోదావరి_గట్టు

మిషన్ దాచేయడం అందరికీ పనికిరాదు బాబూ. నేను దాచాను ఒకసారి, ఆర్నెల్ల తర్వాత తీస్తే ఐదు కిలోలు ఎక్కువున్నాను, తెలియకుండానే చేయి జారిపోయింది. రోజుకి ఒక్కసారే చూసి, రాసి, వారానికి సగటు కట్టుకుంటే నాకు భయం పోయింది. కానీ ఈ అమ్మాయి రోజుకి నాలుగుసార్లు ఎక్కి ఏడుస్తోంది కాబట్టి, ఒక వారం దూరం పెడితే తప్పులేదు అనే నేనూ అంటాను.

స్టాఫ్_నర్సు_హైదరాబాద్

వార్డులో పదిహేనేళ్లుగా రోజూ పేషెంట్ల బరువు రాసే పని నాది. మేం ఎలా చూస్తామో చెబుతాను, ఇంట్లో కూడా అదే పద్ధతి. పొద్దున లేచి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు, తేలికైన ఒకే రకం బట్టలతో, అదే మిషన్, అదే చోట. చాప మీదో పరుపు మీదో కాదు, గట్టి నేల మీద, నాలుగు కాళ్లూ సమంగా ఆనేలా. టైల్ అతుకు మీద ఒక కాలు పడినా తేడా చూపిస్తుంది. మిషన్‌లో కొవ్వు శాతం అని వచ్చే అంకెని పట్టించుకోకండి, ఇంటి మిషన్లు అరికాళ్ల గుండా చిన్న కరెంటు పంపి అంచనా వేస్తాయి, ఒంట్లో నీళ్లు మారితే అదీ మారుతుంది.

థైరాయిడ్ మాత్ర గురించి అడిగారు. మూడు రోజుల్లో కిలోన్నర తేడా దానివల్ల రాదు. కానీ పెళ్లి హడావుడిలో మాత్ర మర్చిపోయారా అన్నది ఆలోచించండి. పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి, టిఫిన్‌కి అరగంట నుంచి గంట ఆగాలి, క్యాల్షియం, ఐరన్ మాత్రలు ఉంటే నాలుగు గంటలు దూరం పెట్టాలి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్త పరీక్ష) చేయించుకుని చాలా రోజులైతే డాక్టర్‌ని అడిగి చేయించుకోండి.

ఇది మాత్రం అందరూ గుర్తు పెట్టుకోండి. బరువు రెండు మూడు రోజుల్లో ఒక్కసారిగా పెరగడంతో పాటు కాళ్లు నొక్కితే గుంట పడేలా వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా అది పెళ్లి భోజనం అనుకుని ఊరుకోకూడదు, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గుండె, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లకి మేం రోజూ బరువు చూసేది ఇందుకే. మీ పోస్టులో అలాంటివి ఏమీ కనిపించలేదు. నాకు మీ బరువు కన్నా రోజంతా పస్తుండి రాత్రి తిని ఏడవడం ఎక్కువ దిగులు కలిగించింది. అది మళ్లీ మళ్లీ జరిగితే మొహమాటపడకుండా డాక్టర్‌తో చెప్పండి, అది కూడా వైద్యం ఉన్న విషయమే.

పొద్దుటి_నడక, జూన్ 4

అందరికీ చెప్పాలని వచ్చాను. మిషన్‌ని వారం పాటు మా ఆయనకి ఇచ్చి బీరువాలో పెట్టించాను. తిండి మామూలుగానే తిన్నాను, పెసరట్టు, మధ్యాహ్నం కప్పు అన్నం, పెరుగు. ఆవకాయ మానలేదు, ఒక బద్దకి తగ్గించాను. మాత్ర తెనాలిలో రెండు రోజులు వేసుకోలేదు నిజంగానే, నర్సు గారు అడిగేదాకా ఆ సంగతే గుర్తు లేదు. పరీక్షకి రక్తం ఇచ్చాను.

ఒకటో తారీఖున నెలసరి వచ్చింది. నిన్న మూడో రోజు, పొద్దున మిషన్ బయటికి తీయించి వంటింట్లో గట్టి నేల మీద పెట్టి ఎక్కాను, 75.9. క్యాలెండర్ వెనక్కి తిప్పి మే 6 గడి చూశాను, 76.9 అని ఉంది. మధ్యలో పెళ్లి ఉన్నా, లడ్డూలు ఉన్నా, నెలకి కిలో తగ్గింది. 75.8 ఇంకా దాటలేదు, ఫరవాలేదు.

ఇవాళ మళ్లీ 76.2. రాసేశాను, నడకకి వెళ్లొచ్చాను. ఒక ప్రశ్న మిగిలింది, వారం సగటు కట్టేటప్పుడు ఊరెళ్లి చూసుకోని రోజులు ఉంటే, ఉన్న రోజులకే కట్టాలా అక్కా?

గోదావరి_గట్టు

ఉన్న రోజులకే కట్టు తల్లీ, నాలుగు రోజులున్నా చాలు. ఉంగరం మళ్లీ పెట్టుకున్నావా?

పొద్దుటి_నడక

పెట్టుకున్నాను అక్కా, వదులుగా ఉంది, పడిపోతుందేమోనని దారం చుట్టాను.