మాటలు ఆలస్యమైన పిల్లలకు ఇంట్లో ఏం చేస్తున్నారు?

ఖమ్మం అమ్మ: మా బాబుకు రెండున్నరేళ్లు నిండాయి. అమ్మ, తాత, పాలు వంటి విడిమాటలే తప్ప రెండు మాటలు కలిపి పలకడం లేదు. చెప్పిన పని చేస్తాడు, కావలసినది వేలితో చూపిస్తాడు. వస అరగదీసి నాలుకకు రాయమని అత్తగారు, నాలుక కింద నరం కోయించమని పక్కింటివారు, మగపిల్లలకు ఇది మామూలేనని మిగిలినవారు అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

స్పీచ్ థెరపిస్టు, విశాఖ: ముందుగా వినికిడి పరీక్ష చేయించండి. పిలిస్తే తిరిగి చూస్తున్నాడు కదా అని ఊరుకోవద్దు. చెవిలో నీరు చేరి కొన్ని ధ్వనులు సరిగా అందని పిల్లలు కూడా పిలుపుకు తల తిప్పుతారు. శబ్దం చెవి నుంచి మెదడుకు అందుతోందో లేదో చూసే బెరా పరీక్షకు పిల్లవాడు సమాధానం చెప్పనక్కరలేదు, నిద్రలోనే చేస్తారు. రెండేళ్లకు సుమారు 50 మాటలు, రెండేసి మాటల కలయిక ఉండాలన్నది మేము చూసే కొలత కనుక ఇక వేచి చూడడం మంచిది కాదు. నాలుక కింది పొర బిగుతుగా ఉంటే కొన్ని అక్షరాలు పలకడం కష్టం కావచ్చు గాని, మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. వసలో ఉండే అసరోన్ అనే పదార్థం వల్ల అమెరికాలో దానిని ఆహారంలో వాడడం 1968లోనే నిషేధించారు. పెద్దలకు నచ్చజెప్పి మానిపించండి.

కరీంనగర్ నాన్న: మా అమ్మాయికి అన్నిటికంటే పనికొచ్చినది మేము కాసేపు ఆగడం. అడగకముందే అన్నీ అందించే ఇంట్లో బిడ్డకు నోరు తెరిచే అవసరమే ఉండదు. బిస్కెట్ల డబ్బాను మూత బిగించి చేతికిచ్చి, ముఖంలోకి చూస్తూ మనసులో పది లెక్కపెట్టేవాళ్లం, చూపు, సైగ, సగం మాట, ఏది వచ్చినా మూత తీసి "తియ్యాలా? ఇదిగో తీశాను" అనేవాళ్లం. మాట పలికితేనే ఇస్తామని ఏడిపించడం మాత్రం వద్దు. "ఇదేమిటి, అదేమిటి" అన్న ప్రశ్నలు తగ్గించి, చిక్కుడుకాయలు వలిచేటప్పుడు "వలిచాను, గిన్నెలో వేశాను" అని చేసే పనినే చెప్పేవాళ్లం. తను "పాలు" అంటే మేము "వేడి పాలు" అని ఒక్క మాటే కలిపేవాళ్లం.

డాలస్ నుంచి: ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని మాకు బడిలో సలహా ఇచ్చారు. థెరపిస్టు ఒప్పుకోలేదు. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావని, మాటలు లెక్కించేటప్పుడు రెండింటివీ కలపాలని చెప్పారు. నానమ్మకు రాని భాషలో కథ చెప్పమంటే ఆ పిల్లవాడికి మిగిలేది ఏమిటి?

గుంటూరు అమ్మమ్మ: మా మనవడిది నత్తి. "నెమ్మదిగా చెప్పరా" అనడం, మధ్యలో మాట అందించడం అందరం మానేశాము. వాడు ముగించేవరకు విని, తర్వాత మేమే నిదానంగా మాట్లాడుతున్నాము. నత్తి ఇంకా ఉంది, అయితే చెప్పబోయి మానుకోవడం తగ్గింది.

ఖమ్మం అమ్మ: పరీక్షకు ఎక్కడికి వెళ్లాలి?

స్పీచ్ థెరపిస్టు, విశాఖ: ప్రభుత్వ జిల్లా ఆస్పత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రం) ఉందేమో అడగండి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల వరకు అక్కడ ఉచితంగా చూస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాలకు సంబంధించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రైవేటుకు వెళితే థెరపిస్టుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. కొత్త చోట పిల్లలు నోరు విప్పరు కనుక, బాబు ఇంట్లో ఆడుకునేటప్పుడు తీసిన వీడియో, పలికే మాటల జాబితా వెంట తీసుకువెళ్లండి.