కర్ఫ్యూలో సగం షటర్ వ్యాపారం: సాయమా, దోపిడీనా?

పాతబస్తీ పోరడు
మొన్న ఇంట్ల 1990 డిసెంబర్ హైదరాబాద్ మతకలహాల ముచ్చట వచ్చింది. కర్ఫ్యూల షటర్ సగం దించి అమ్మిన దుకాణపోళ్ళంతా దొంగలే అని మా మామ ఒక్క మాటల తేల్చేసిండు. నాకైతే నచ్చలే. ఆ గొడవల్ల వందకు పైగా మనుషులు పోయిన్రు, చెన్నారెడ్డి సీఎం కుర్చీ కూడా ఆ నెలలనే పోయింది, గంత భయంల గూడ వెనక తలుపు కొడితే కిలో బియ్యం ఇచ్చినోడు దొంగ ఎట్లయితడు? రెండు గంటలు సడలింపు ఇస్తరు సరే, పని బందైన కూలీ దగ్గర ఆ రెండు గంటల్ల కొననీకి పైసలుండాలె కదా. ఉద్దెర ఇచ్చింది ఆ షటర్ ఎనకోడే.

కృష్ణలంక కుర్రోడు
ఉద్దెర ఇచ్చాడు బానే ఉంది బ్రో, రేటెంతేశాడో కూడా చెప్పు. కర్ఫ్యూలో పాలు, ఉల్లిపాయలు డబుల్ రేటుకి అమ్మినోళ్ళు లేరా? పైగా ఆ షటర్ ముందు పదిమంది గుమిగూడితే ఎవడో ఒకడు రాయేస్తాడు, దెబ్బకి వీధి మొత్తానికి ఇంకో వారం కర్ఫ్యూ. వాడి లాభానికి ఊరంతా జరిమానా కట్టాలా?

షాలిబండ భాయ్
కిరాణా గురించే కొట్లాడుతున్నరు, రాత్రి పనోళ్ళని ఎవరూ పట్టించుకోరేంది. మా నాయిన నాహరీ (రాత్రంతా ఉడికే మాంసం పులుసు) హోటల్ల భట్టీ కాడ పని చేసేటోడు. రాత్రి దేగ్ (పెద్ద గిన్నె) ఎక్కిస్తే తెల్లారుజామున నమాజ్ చదివొచ్చేటోళ్ళకి కుల్చాతోని పెట్టాలె, ఆ పొద్దు దాటితే దాన్ని అడిగేటోడు లేడు. సడలింపేమో మధ్యాహ్నం ఇచ్చేటోళ్ళు! ఇగ సేఠ్ దేగ్ పక్కన పెట్టి తందూర్ ఒక్కటే ముట్టించిండు, గల్లీలోళ్ళు ఇంటి పిండి తెచ్చుకుంటే కాల్చిన కూలి మాత్రం తీసుకొని రొట్టెలు ఇచ్చేది. మా ఇల్లు నడిచింది దాంతోనే. దీన్ని గూడ దోపిడీ అంటవా కృష్ణలంక తమ్మీ?

కృష్ణలంక కుర్రోడు
అది అనట్లేదు భాయ్, అది సడలింపు టైంలో చేసిన పనే కదా. నా గొడవంతా దొంగచాటు బేరం గురించే.

నల్లకోటు
చట్టం ముందు రెండూ ఒకటి కాదు, నిజమే. అప్పట్లో 144 సెక్షన్, 2024 జులై నుంచి కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 163, పేరు మారింది గానీ టైమింగ్ ఇప్పటికీ అధికారే నిర్ణయిస్తాడు, తందూర్ ఎప్పుడు వెలుగుతుందో ఆయనకేం తెలుసు? కర్ఫ్యూ పాసులు కూడా డాక్టర్లకీ, పత్రికలోళ్ళకీ, పాల వ్యాన్లకీ ఇస్తారు, భట్టీ కూలీకి ఎవరిస్తారు చెప్పండి.

ఇంఫాల్ నుంచి వచ్చా
నేను మే 2023 అల్లర్లప్పుడు మణిపూర్ ఎన్ఐటీలో ఉన్నాను, మన తెలుగు స్టూడెంట్స్‌ని ప్రత్యేక విమానాల్లో తెచ్చారు కదా ఆ బ్యాచ్. కర్ఫ్యూ కంటే నెట్ కట్ చెయ్యడమే ఎక్కువ దెబ్బ కొట్టింది అక్కడ. ఫోన్లో డబ్బులున్నాయి, స్కాన్ అవ్వదు, చేతిలో క్యాష్ లేదు. పొద్దున్నే సడలింపు ఇచ్చినా ఏం లాభం? ముఖం తెలిసిన కొట్టు ఆవిడ పుస్తకంలో పేరు రాసుకుని బిస్కెట్లు, మ్యాగీ ఇచ్చింది. మొత్తం ఆడవాళ్ళే నడిపే ఇమా కైథెల్ మార్కెట్ ఉన్న ఊరు అది, ఏ రోజు అమ్మకం ఆ రోజు ఇంటికి పోవాల్సిందే, వాళ్ళని రూల్ బుక్ చూపించి ఇంట్లో కూర్చోమంటే కుదరదు అన్నా.

కృష్ణలంక కుర్రోడు
సరే, అయితే డబుల్ రేటు వేసినోడి మీద కేసు పెట్టాలా వద్దా, అది చెప్పండి ముందు.

పాతబస్తీ పోరడు
పెట్టు తమ్మీ, ఎవరొద్దన్నరు. గానీ సరుకు తెచ్చే ఆటో మూడు చెక్‌పోస్టులు దాటొస్తది, ఒక్కో కాడ చెయ్యి తడపాలె, ఆ పైసలు ఎవరి జేబులకెళ్ళి పోతయో అది గూడ కేసుల రాయి.